ఇల్లు - తోట: పెరటిలో కొయ్య కొలను



ఈ మాసమున మన శీర్షికకు ఎన్నుకొన్న విషయము పెరటి కొలను. నేలను లోతుగా త్రవ్వక, నేలమీదనే కొయ్యపలకలతో నాలుగు గోడలు నిలిపి, లోపల రబ్బరు పట్ట పరచి, నీరు నింపి, చేపలను పెంచు చిన్న కొలను ఇది. రంపము, సుత్తి పట్టుట కొంచెము తెలిసిన గృహస్థుడు ఇంటివారి సాయముతో దీనిని రెండు మూడు సెలవు దినములలో నిలువబెట్టవచ్చును.

అయితే మొదటిసారి ఈ పనికి పూనుకొనువారు తరచుగా నీరు నిండినంతనే పని ముగిసినదని తలచి, ఆ సాయంకాలమే చేపలను తెచ్చి విడుతురు. కొలది దినములకే చేపలు తేలును. పిల్లలు కంట తడిపెట్టుదురు. విసిగిన పెద్దలు కొలను వంక చూచుట మానుదురు. చూచువారు లేని నీటిలో దోమలు పుట్టును. కావున మేము చెప్పదలచినది ఒక్కటే. నీరు నిలిచిన నాటినుండి ఆ నీరు ప్రాణిని నిలుపగల నాటివరకు నెల, నెలన్నర ఎడము కలదు. ఆ ఎడమును ముందే లెక్కలోనికి తీసికొని పని మొదలుపెట్టవలెను.

మన పెద్దలు సప్తసంతానములలో తటాకమును ఒకటిగా ఎంచిరి. కన్నబిడ్డను పెంచినట్లే చెరువును గూడ పెంచవలెనని వారి అభిప్రాయము. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు కడ 1369వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. విజయనగర రాజవంశమునకు చెందిన భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము - ఇట్లు ఆ పని జరిగినదని శాసనము చెప్పుచున్నది. అంతకన్న విలువైన సంగతి, మంచి చెరువునకు కావలసిన పన్నెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను అది వరుసగా తెలుపుచున్నది. గట్టునుండి నీరు కారుట, చవిటి నేల, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, చెరువు నడుమ మెరక, నీరు కొంచెమై దానిపై ఆధారపడు నేల విస్తారమగుట, చోటు కొంచెమై నీరు విస్తారమగుట - ఇవి ఆ ఆరు దోషములు.

మనము నివసించు ఈ హవాయి ద్వీపములవారును నీటిపనిలో తక్కువవారు కారు. కవాయి ద్వీపమున లిహూయె సమీపమున హులేయియా నది మలుపును రాతికట్టతో వేరుచేసి, వందల యేండ్ల క్రిందటనే అలెకోకో అను చేపల కొలనును నిర్మించిరి. ఇట్టి కొలనుల గోడలలో మాకాహా అను జల్లెడ తలుపు ఉండును. చిన్న చేపలు దానిగుండ లోనికి వచ్చును. లోపల తిని పెరిగినవి తిరిగి వెలుపలికి పోలేవు. నీరు మాత్రము వచ్చుచు పోవుచునే ఉండును. మడ చెట్లు ఆక్రమించి పాడుపెట్టిన అలెకోకోను స్థానికులు శ్రమపడి శుభ్రపరచిరి. 2021లో ఆ స్థలము కొనబడి, దాని సంరక్షణకు పాటుపడుచున్న సంఘము చేతికి వచ్చినది.

పోరుమామిళ్ళ శాసనము చెప్పిన ఆరు దోషములును మన పెరటి కొలనునకు గూడ అట్లే వర్తించును. పని జరుగు వరుసలో వానిని ఒక్కొక్కటిగా ఎత్తుకొందము.

మొదట నేల సంగతి. శాసనకర్త చవిటి నేల వలదనెను. మన ద్వీపములలో చవిటికన్న భయంకరమైన దొకటి కలదు. 1835లో కవాయిలోని కొలోవాలో స్థిరపడిన చెరకు తోటల వ్యవసాయము 2016 డిసెంబరులో మావి ద్వీపపు పునెనె మిల్లు చివరి గానుగతో ముగిసినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో కలుపు చంపుటకై అనేక తోటలలో ఆర్సెనిక్ కలిసిన మందు చల్లిరి. మన వైద్యులు పాషాణమని పిలుచు విషమే అది. తోటలు పోయినను పాషాణము మట్టిని విడువదు. హవాయి ద్వీపమున కెయావు చుట్టుపట్ల పాత చెరకు భూములలో ఇది అధికముగా ఉన్నట్లు పరీక్షలలో తేలినది. తోటల ఒడంబడిక కూలీల సంతతివారమైన మనకు ఈ నేల చరిత్ర వేరుగా చెప్పనక్కరలేదు. ఇల్లు పాత తోట నేలమీద ఉన్నచో ఆ మట్టిని త్రవ్వి గుట్టలు పోసి పిల్లలను ఆడనిచ్చుట మంచిది కాదు. నేలపై కట్టు కొలనునకు ఈ చిక్కు చాలవరకు లేదు. అదిగాక, లావా రాతి నేలను గునపముతో రెండడుగులు త్రవ్వుట ఎంత కష్టమో పూనా ప్రాంతమువారిని అడిగిన చెప్పుదురు.

ఎత్తు గోడవలన మరియొక లాభము. చెరకు పురుగులను తినునని 1932లో పెంబర్టన్ అను కీటకశాస్త్రజ్ఞుడు పోర్టోరికో నుండి పెద్ద కప్పలను ఇచటికి తెచ్చెను. బూఫో అని ఇచట పిలుచునది దీనినే. దీని చర్మమునందే గాక గ్రుడ్లయందును విషము కలదు. నేలకు సమముగా ఉన్న కొలనులోనికి రాత్రివేళ దిగి దండలవలె గ్రుడ్లు పెట్టును. వానిని తిన్న చేపలు చచ్చును. మోకాలికి మించిన నిట్టనిలువు కొయ్యగోడను ఇది ఎక్కలేదు.

పిమ్మట పొలిమేర దోషము. మన కొలను పొరుగువారి కంచెను ఆనుకొని ఉండరాదు. నీరు పొర్లినను, గోడ విరిగినను ఆ నీరు మన పెరటిలోనే పారు చోటును ఎన్నుకొనవలెను. కంచెనుండి ఎంత ఎడముండవలెనో, అనుమతి కావలెనో లేదో మీ కౌంటీ కార్యాలయమువారిని ముందుగా అడుగుడు. దినమునకు నాలుగైదు గంటల ఎండ, మధ్యాహ్నము నీడ ఉన్న చోటు మేలు. మామిడి, కుకుయి వంటి పెద్ద చెట్ల క్రింద ఆకు రాలి నీటిలో క్రుళ్ళును; అచట వలదు.

మూడవది, నడుమ మెరక. పెరటి నేల కంటికి చదునుగా కనబడును గాని రసమట్టము పెట్టి చూచిన ఎనిమిదడుగులలో రెండంగుళముల వాలు ఉండుట సామాన్యము. నీరు మాత్రము తన మట్టమును తప్పదు. నేల వాలినచో ఒక గోడ అంచున నీరు పొర్లుచుండగా ఎదుటి గోడ రెండంగుళములు బయటపడి కనబడును. పైగా బరువంతయు పల్లపు గోడపై పడును. పొడవైన తిన్నని పలకపై రసమట్టము నుంచి, నిలువున, అడ్డమున, కర్ణముల వెంట చూడవలెను. పై గడ్డిని చెక్కి, సిండరు కంకరను పలుచగా పరచి దిమ్మిస కొట్టి, దానిపై రెండంగుళముల ఇసుక పోయవలెను. ఇసుకను సముద్రతీరమునుండి తెచ్చుట ఇచట చట్టవిరుద్ధము, అంగడిలో కొనవలెను. నాలుగు మూలలు సరిగా వచ్చినవో లేదో తెలియుటకు రెండు కర్ణములను కొలువుడు. అవి సమానమైనచో మూలలు సరిగా ఉన్నట్లే.

నాలుగవది, చోటు కొంచెమై నీరు విస్తారమగుట. ఇచటనే గోడలు పగులును. ఘనపుటడుగు నీరు 62.4 పౌన్లు తూగును. మనము చెప్పుకొనుచున్న కొలను 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల నీటి లోతు గలది. దీనిలో 64 ఘనపుటడుగులు, అనగా సుమారు 480 గాలన్ల నీరు పట్టును. దాని బరువు సుమారు 4,000 పౌన్లు. చదరపుటడుగు నేలపై 125 పౌన్లు పడునన్నమాట. ఇంటిగదుల కొయ్యనేలను సామాన్యముగా చదరపుటడుగునకు 40 పౌన్ల లెక్కకు కట్టుదురు. కావున ఈ కొలనును కొయ్య లానై మీద నిలుపుట ప్రాణాపాయము. నేలమీదనే ఉండవలెను.

నీరు క్రిందికి మాత్రమే గాక ప్రక్కలకును నెట్టును. పై అంచున ఆ నెట్టు ఏమియు లేదు. అడుగునకు పోయినకొలది పెరుగును. రెండడుగుల లోతునకు ఎనిమిదడుగుల గోడ మొత్తముపై సుమారు 1,000 పౌన్ల ఒత్తిడి కలుగును. లోతును మూడడుగులు చేసినచో అది ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు, అనగా 2,250 పౌన్లగును. మొదటిసారి కట్టువారు రెండడుగుల లోతును మించవలదని చెప్పుటకు కారణ మిదియే.

ఇక కొయ్య. మన ద్వీపములలో ఫార్మోసా చెద మిక్కుటము. మందు పట్టించని సామాన్యపు ఫర్ పలకలు నేల తేమను తాకిన కొలది యేండ్లకే లోపల డొల్లయగును. ఇచటి అంగళ్ళలో ఇంటి చట్రములకు అమ్ము కొయ్యకు సామాన్యముగా బోరేట్ మందు పట్టింతురు. అది చెదను ఆపును గాని నీటికి కరగి పోవును. నేలను తాకు పనికి, తడిసెడి పనికి అది తగదు. నేల తాకిడికి తగినదని చీటీ గల, రాగి మందును ఒత్తిడితో ఎక్కించిన కొయ్యను అడిగి కొనవలెను. రాగి మందు ఇనుమును తినును. కావున మామూలు మేకులు కొట్టక, వేడి జింకు పూత పూసిన బోల్టులు, స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులు వాడవలెను. అదే రాగి చేపలకును హాని చేయును. కొలను నీరు ఎచటను కొయ్యను తాకరాదు. రబ్బరు పట్ట అంచుదాక రావలెను.

ఉచితముగా దొరకినదని తేరాని కొయ్య మూడు రకములు. పాత చెరకు రైలుపట్టాల క్రింది దిమ్మెలు, పాత తంతిస్తంభములు మొదటి రకము. వానిలో క్రియోసోటు వంటి విషపు మందులు నిండియుండును. రెండవది 2003కు ముందటి ఆకుపచ్చని మందుకొయ్య; దానిలో ఆర్సెనిక్ కలదు, ఆ యేటి చివరనే ఇండ్ల వాడుకకై దాని తయారీని నిలిపిరి. మూడవది హవాయి ద్వీపపు ఓహియా దుంగలు. 2014లో గుర్తించిన శిలీంధ్రరోగము ఆ చెట్లను చంపుచున్నందున వానిని అనుమతి లేక ఆ ద్వీపము దాటించరాదు. పాత క్యాంపు ఇండ్ల కప్పులలోని క్యానెక్ అట్టలను గూడ పట్ట క్రింద మెత్తగా ఉండునని పరచవలదు. హిలోలో 1932 నుండి 1963 వరకు చెరకు పిప్పితో చేసిన ఆ అట్టలలో చెద పట్టకుండుటకు ఆర్సెనిక్ కలిపిరి.

గోడలకు రెండంగుళముల మందము, ఎనిమిదంగుళముల వెడల్పు అని పేరుగల పలకలు కావలెను. అంగడి పేరు అట్లున్నను నిజపు కొలత ఒకటిన్నర అంగుళము, ఏడుంబావు అంగుళములే. నాలుగు వరుసలు పేర్చిన 29 అంగుళముల గోడ వచ్చును. నీరు 24 అంగుళముల దగ్గర ఆపిన, వాన కురిసినను పొర్లక నిలుచుటకు అయిదంగుళముల ఎడముండును. గోడకు వెలుపల, మూలలందును, పొడవు గోడల వెంట రెండడుగులకు ఒకటి చొప్పునను నాలుగంగుళముల గుంజలను నిలిపి పలకలను వానికి బిగించవలెను. మెత్తని నేలలో గుంజలను రెండడుగులు పాతవచ్చును. రాతినేలలో పాతుట కుదరదు. అప్పుడు కొలను అడుగున అడ్డు దూలములను వేసి, ఎదురెదురు గుంజల పాదములను ఆ దూలములకు బోల్టులతో బిగించి, దూలముల నడుమ పల్లమును కంకరతోను ఇసుకతోను నింపి చదును చేయవలెను. పైన చుట్టును వెడల్పు పలకను చట్రమువలె వేసి మూలలు బంధించినచో గోడ నడుమ ఉబ్బదు. ఆ పై పలకయే కూర్చుండుటకు అరుగుగా ఉపయోగపడును.

అయిదవది, గట్టునుండి నీరు కారుట. శాసనమున ఇదియే మొదటి దోషము. లోపలి మరమేకుల మొనలను అరగదీసి, పాత కంబళియో, దళసరి ఫెల్టో గోడలకును అడుగునకును పరచి, దానిపై చేపల కొలనులకై అమ్ము ఇ.పి.డి.ఎం. రబ్బరు పట్టను దించవలెను. పట్ట కొలతకు లెక్క సులభము. పొడవునకు రెండు గోడల ఎత్తును, రెండు అంచుల మడతను కలుపుడు. మన కొలనునకు 8 అడుగులకు గోడలకై 5 అడుగులు, అంచులకై 1 అడుగు చేరి 14 అడుగులు. వెడల్పు అట్లే 10 అడుగులు. పట్టను ఎండలో అరగంట ఉంచిన మెత్తబడి మూలలలో చక్కగా మడతపడును.

నీటిని ఒకేసారి నింపవలదు. ఆరంగుళములు నింపి మడతలు సరిచేయుడు. సగము నింపి రాత్రి ఉంచి, ఉదయము గోడలకు త్రాడు పట్టి ఉబ్బు చూడుడు. పిమ్మట నిండుగా నింపుడు. మట్టము తగ్గినచో అది కారుటయో, ఎండకు ఆవిరియగుటయో తెలియుటకు ఒక ఉపాయము కలదు. బక్కెట్టును నీటితో నింపి కొలను ప్రక్కన పెట్టి, రెండింటిలోను మట్టమును గుర్తుపెట్టుడు. మూడు దినముల తరువాత రెండును సమానముగా తగ్గినచో ఆవిరి. కొలను ఎక్కువ తగ్గినచో ఎచటనో చిల్లి కలదు. పట్ట అంచును కోసి బిగించుట ఈ పరీక్ష ముగిసిన తరువాతనే.

ఇప్పుడు నీరు నిలిచినది. మొదట మేము చెప్పిన ఎడము ఇచట ప్రారంభమగును.

కొళాయి నీటిలో క్లోరిన్ ఉండును. పంపు నడుపుచు రెండు మూడు దినములు ఉంచిన అది గాలిలోనికి పోవును. క్లోరమిన్ కలిపిన నీరైనచో ఊరకుంచిన పోదు. అంగడిలో దొరకు విరుగుడు మందు కలుపవలెను. మీ నీటి శాఖవారిని అడిగిన ఏది కలుపుదురో చెప్పుదురు. కప్పునీటి తొట్లపై ఆధారపడు ఇండ్లవారికి క్లోరిన్ చిక్కు లేదు గాని, అగ్నిపర్వతపు పొగ సోకిన వాననీరు పులిసి ఉండును. అంగడిలో కొన్న పగడపు నలుసును ఒక సంచిలో వేసి పంపు ముందుంచిన ఆ పులుపు విరుగును.

అసలు చిక్కు అమ్మోనియా. చేప విసర్జించు మలినమునుండి, మిగిలిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. వడపోత స్పాంజిలో నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును; అది కొంచెముగా ఉన్న హాని లేదు, మొక్కలకు ఎరువు. క్రొత్త కొలనులో ఈ సూక్ష్మజీవులు లేవు. అవి పుట్టి పెరుగుటకు సామాన్యముగా నాలుగునుండి ఆరు వారములు పట్టును. ఆరోగ్యముగా ఉన్న పాత కొలనునుండి వడపోత స్పాంజి ముక్క తెచ్చి మన పంపులో ఉంచినచో ఆ కాలము తగ్గును. పాలు తోడుపెట్టుట వంటిదే ఇది.

మరి ఈ ఆరు వారములు నీటిని చేపలు లేక ఉంచుట ఎట్లు? దోమ గ్రుడ్డు పెట్టిన వారము పది దినములకే క్రొత్త దోమ ఎగురును. ఈ ద్వీపములందు ఒకప్పుడు దోమయే లేదు. 1826 ప్రాంతమున వెల్లింగ్టన్ అను ఓడ నీటిపీపాలతో పాటు మావి ద్వీపపు లహైనా రేవున దోమలు దిగినవని చరిత్రకారులు చెప్పుదురు. ఆ దోమలు వ్యాపింపజేసిన పక్షిమలేరియా ఇచటి అడవి పక్షులను నాశనము చేసినది. 2023లో అమెరికా ప్రభుత్వము అంతరించినట్లు ప్రకటించిన జీవులలో ఎనిమిది జాతుల హవాయి పక్షులున్నవి. మనుష్యులకును ముప్పు తప్పలేదు. 2015-16లో హవాయి ద్వీపమున 264 మందికి డెంగీ జ్వరము సోకెను. పెరటి నీరు మన ఇంటి సొంత విషయము కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

కావున నీరు నింపిన దినమునే రెండు పనులు చేయవలెను. ఒకటి, పంపు నడిపి నీటి పైభాగమును కదలించుట. దోమ నిశ్చలజలమునే కోరును. రెండు, బి.టి.ఐ. అను సూక్ష్మజీవితో చేసిన బిళ్ళను నీటిలో వేయుట. అది దోమల పిల్లపురుగులను చంపును. చేపలకు, పిల్లులకు, కుక్కలకు, మనుష్యులకు హాని చేయదు. వారము తరువాత పదిపన్నెండు గప్పీ చేపలను మాత్రము విడువవచ్చును. 480 గాలన్లలో వాని మలినము స్వల్పము. ఆ స్వల్పమే సూక్ష్మజీవులకు ఆహారము. అవి దోమపిల్లలను తినుచు కాపలా కాయును. దినము విడిచి దినము పరీక్ష సాధనముతో అమ్మోనియా, నైట్రైటు చూడుడు. అవి కనబడినచో అయిదవ వంతు నీటిని మార్చుడు. రెండును వారము దినములు వరుసగా శూన్యమైన పిమ్మటనే బంగారు చేపలను, అవియు రెండేసి చొప్పున, చేర్చవలెను.

ఆరవ దోషము ఇచటనే పొంచియుండును: నీరు కొంచెమై ఆధారపడునది విస్తారమగుట. నీరు వేడెక్కినకొలది అందులో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టగా, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టును. రాత్రి మొక్కలును దానిని వాడుకొనును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో వానికి ఊపిరి చాలకున్నదని తెలియవలెను. మన కొలనులో పది బంగారు చేపలకు మించరాదు. జపానువారి కోయి చేప అందమైనదే గాని రెండడుగుల పొడవు పెరుగును. దానికి ఈ నీరు చాలదు. మేత రెండు నిమిషములలో తినునంతే వేయవలెను. ఇంటికి వచ్చిన బంధువు లొక్కొక్కరు గుప్పెడు చొప్పున వేసిన, ఆ ప్రేమయే విషమగును.

మొక్కలలో తామర, కలువ, చేమ మంచివి. చేమను ఇచటివారు కాలో అని పిలిచి తమ జాతికి అన్నగా భావింతురు. కుండలో నాటి అంచున ఉంచిన నీటిలోని నైట్రేటును పీల్చి బాగుగా పెరుగును. గుర్రపుడెక్కను మాత్రము తేవలదు. కొల్లేటిని అది ఎట్లు కప్పివేసినదో తెలుగువారికి తెలిసినదే. ఇచట ఒవాహులోని విల్సన్ సరస్సును 2003లో సాల్వీనియా అను తేలుడు మొక్క అట్లే కప్పివేసినది. మార్చిన కొలను నీటిని అరటికి, పూలమొక్కలకు పోయవచ్చును. పచ్చిగా తిను ఆకుకూరలపై పోయరాదు.

పిల్లల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 29 అంగుళముల గోడ కప్పను ఆపును గాని మూడేండ్ల బిడ్డను ఆపదు. గోడ ప్రక్కన బల్ల, కుండీ, బక్కెట్టు ఉంచరాదు. చిన్నపిల్లలున్న ఇంట దళసరి ఇనుప వల బిగించిన కొయ్య చట్రమును కొలనుపై మూతగా వేసి బిగించవలెను. బిడ్డ దానిపై ప్రాకినను క్రుంగని బలము దానికి ఉండవలెను. పంపునకు విద్యుత్తు నిచ్చు చోట జి.ఎఫ్.సి.ఐ. రక్షణ తప్పక ఉండవలెను. దానిని అమర్చు పని అనుమతిగల ఎలక్ట్రీషియనునకే అప్పగింపుడు.

చివరగా ధర్మమునకు చెందిన ఒక మాట. చేపలు పెరిగి ఎక్కువైనప్పుడు, ఇల్లు మారునప్పుడు, వానిని ఏటిలో విడిచిన జీవదానపుణ్యము దక్కునని కొందరి తలంపు. ఇచట అది పుణ్యము కాదు. 1905లో ఆల్విన్ సీల్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు దోమలను అణచుటకై టెక్సాసు నుండి దోమచేపలను ఈ ద్వీపములకు తెచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని ఆ చేపలును, వాని వెనుక వచ్చిన గప్పీలును ఏరులలో వ్యాపించి, ప్రపంచమున మరెచటను లేని ఇచటి తూనీగజాతుల పిల్లలను, సముద్రతీరపు గుంటలలోని చిన్ని ఎర్ర రొయ్యలను తినివేయుచున్నవి. ఒక ప్రాణికి చేసిన దానము నూరు ప్రాణులకు మరణము కారాదు. మిగిలిన చేపలను కొలను గల మరియొక ఇంటివారికి ఇండు. తీసికొనువారు లేనిచో కొన్న అంగడివారిని అడుగుడు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు నీరు పొర్లి చేపలు కాలువలో పడకుండ మట్టమును నాలుగంగుళములు తగ్గింపుడు.

ఈ పని మొదలుపెట్టువారికి ఒక చిన్న సూచన. నీరు నింపిన తేదిని పై పలక అడుగుభాగమున పెన్సిలుతో వ్రాసి, దాని ప్రక్కన ప్రతి పరీక్ష ఫలితమును పిల్లలచేత వ్రాయింపుడు. అమ్మోనియా పెరుగుట, నైట్రైటు పెరుగుట, రెండును శూన్యమగుట వారు తమ కన్నులతో చూతురు. చేపలు ఎప్పుడు వచ్చునని వారు దినదినము అడుగుదురు. ఆ పలకమీది అంకెలను చూపి వారిచేతనే జవాబు చెప్పింపుడు. తొలి తామర పూచిన నాడు దానిని ఆలయమునకు వారి చేతులమీదుగనే తేవలసినదిగా కోరుచున్నాము.

శుభమస్తు.